ముద్రల భాష

శేరిలింగంపల్లి నేడు హైదరాబాదు నగరానికి పడమటి వాకిలి. ఒకప్పుడు పొలాల నడుమ చిన్న గ్రామాలుగా ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి రూపురేఖలు మార్చుకొని, సమాచార సాంకేతిక రంగానికి నెలవులైనాయి. అంతస్తులపై అంతస్తులుగా లేచిన అక్కడి నివాసాలలో, గృహప్రవేశానికో వివాహానికో కానుకగా వచ్చిన తెల్లని కప్పులు, సాసర్లు అద్దాల బీరువాలలో కొలువుదీరి ఉంటాయి. కొన్ని ఇళ్ళలో తాతముత్తాతల నాటి పళ్ళేలు కూడా వాటి సరసన చేరుతాయి. వాటి అంచుల మీది బంగారు గీతలను, పూలతీగలను మెచ్చుకొనేవారు చాలామంది. పాత్రను తిరగవేసి, దాని అడుగు చూచేవారు మాత్రం అరుదు. చూచినవారికి అక్కడ ఒక కిరీటమో, రెండు కత్తులో, ఒక కలశమో, కొన్ని అక్షరాలో, చుక్కలో కనిపిస్తాయి. అదే తయారీదారు ముద్ర.

ఆ ముద్ర చాలా చిన్నది. వేలిగోరంత స్థలంలో ఇమిడిపోతుంది. అయినా పాత్ర ఎక్కడ పుట్టినది, ఎప్పుడు పుట్టినది, ఎవరి కర్మాగారంలో రూపుదిద్దుకొన్నది అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగల శక్తి దానికి ఉన్నది. తెలియనివారికి అది వట్టి గీత. తెలిసినవారికి అది ఒక వాక్యం. అయితే ముద్ర కేవలం సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. సాక్షి చెప్పిన మాటను ఇతర ఆధారాలతో సరిచూచిన తరువాతనే న్యాయమూర్తి తీర్పు చెప్పినట్లు, ముద్ర చెప్పిన మాటను పాత్రలోని మట్టితో, మెరుగుతో, రంగుతో సరిచూచిన తరువాతనే పరిశీలకుడు నిర్ణయానికి రావాలి. ముద్రల భాషను నేర్చుకోవడమంటే ఈ వివేకాన్ని అలవరచుకోవడమే.

మట్టిపై తొలి గుర్తులు

గ్రామంలో కుమ్మరి చేసిన కుండకు ముద్ర అవసరం లేదు. కొన్నవాడికి చేసినవాడు తెలుసు. కుండ ఓటిదైతే ఎవరిని అడగాలో కూడా తెలుసు. వస్తువు ఊరి పొలిమేర దాటి, సముద్రాలు దాటి, ముఖపరిచయం లేని కొనుగోలుదారుని చేతికి చేరినప్పుడే ముద్ర అవసరమవుతుంది. కాబట్టి ముద్ర దూరంలో నుండి పుట్టినది. మనిషికీ మనిషికీ నడుమ పెరిగిన ఎడాన్ని పూడ్చడానికి ఏర్పడిన నమ్మకపు గుర్తు అది.

మట్టి పాత్ర మీద గుర్తు పెట్టే అలవాటు మన నేలకు కొత్త కాదు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బృహత్ శిలాయుగపు సమాధులు బయల్పడినాయి. అంటే నేటి సాంకేతిక నగరం వెలసిన శేరిలింగంపల్లి నేల మీదనే వేల సంవత్సరాల క్రితం మనుషులు తమ మృతులను పెద్ద రాళ్ళ నడుమ ఉంచి సాగనంపినారు. దక్షిణ భారతదేశంలోని ఇటువంటి సమాధులలో నలుపు, ఎరుపు రంగుల మట్టి పాత్రలు లభిస్తాయి. వాటిలో కొన్నింటి మీద కాల్చిన తరువాత గీసిన గుర్తులు కనిపిస్తాయి. అవి చేసినవాని గుర్తులా, యజమాని గుర్తులా, వంశ చిహ్నాలా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

ముద్ర చరిత్రకు ఎంత మేలు చేయగలదో తెలిపే ఉదాహరణ పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో ఉన్నది. 1945లో అక్కడ త్రవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్ కు ఇటలీ దేశపు అరెజ్జో శైలికి చెందిన ఎర్రని పాత్రల ముక్కలు దొరికినాయి. వాటిలో కొన్నింటి మీద ఇటలీ కుమ్మరుల పేర్లు అచ్చువేసి ఉన్నాయి. ఐరోపాలో ఆ పాత్రల కాలం అప్పటికే నిర్ణయమై ఉన్నది. కనుక అవి దొరికిన మట్టిపొర కాలమూ, ఆ పొరలో వాటితోపాటు దొరికిన భారతీయ పాత్రల కాలమూ అంచనా వేయడానికి వీలు చిక్కినది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో అదే కోవకు చెందిన భారతీయ పాత్రలు బయల్పడినప్పుడు, వాటి ఆధారంతో అక్కడి బృహత్ శిలాయుగ సంస్కృతికి కూడా వీలర్ కాలనిర్ణయం చేసినాడు. ఆయన నిర్ణయాలలో కొన్నింటిని తరువాతి పరిశోధకులు సవరించినారు. అయినా ఎక్కడో ఇటలీలో ఒక కుమ్మరి పచ్చి మట్టి మీద ఒత్తిన పేరు, పంతొమ్మిది వందల ఏండ్ల తరువాత దక్షిణ భారత చరిత్రకు దారి చూపిన మాట వాస్తవం.

పింగాణీ – బోన్ చైనా

ముద్రను చదవడానికి ముందు అది ఏ వస్తువు మీద ఉన్నదో తెలియాలి. సంస్కృత కవులు చీనా దేశపు పట్టును చీనాంశుకం అన్నారు. కాళిదాసు శాకుంతలంలో ఆ పదం ఉన్నది. అదే విధంగా ఆ దేశం నుండి వచ్చిన తెల్లని పాత్రలకు ఇంగ్లీషువారు ‘చైనా’ అనే పేరునే పెట్టినారు. మనం వాటిని పింగాణీ అంటున్నాం. తెల్లని చైనా మట్టిని, ఒక విధమైన రాతిపొడిని కలిపి, సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చగా తయారయ్యే ఈ పాత్ర మట్టి పాత్రలవలె నీటిని పీల్చదు. గోటితో తడితే గంట మ్రోగినట్లు నాదం చేస్తుంది.

ఈ రహస్యం శతాబ్దాలపాటు ఐరోపాకు అంతుపట్టలేదు. సాక్సనీ పాలకుడు అగస్టస్, బంగారం చేయగలనని చెప్పుకొన్న యోహాన్ ఫ్రీడ్రిక్ బోట్గర్ అనే రసవాదిని నిర్బంధించి ప్రయోగాలు చేయించినాడు. బంగారం రాలేదు. కాని షిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుని మార్గదర్శకత్వంలో 1708లో తెల్లని పింగాణీ సిద్ధించినది. 1710లో మైసెన్ నగరంలో కర్మాగారం వెలసినది. ఆనాటి సంపన్నుల దృష్టిలో పింగాణీ బంగారం కంటే తక్కువది కాదు.

ఇంగ్లండులో కథ మరొక మలుపు తిరిగినది. పద్దెనిమిదవ శతాబ్దం మధ్యకాలంలో లండన్ సమీపంలోని బో కర్మాగారంలో మట్టిలో ఎముకల బూడిదను కలిపే పద్ధతి మొదలైనది. 1790 ప్రాంతం నుండి స్టోక్ ఆన్ ట్రెంట్ పట్టణంలో జోసయా స్పోడ్, అతని కుమారుడు ఆ పాళ్ళను స్థిరపరచినారు. ఎముకల బూడిద సుమారు సగం, చైనా మట్టి పావు, కార్న్‌వాల్ ప్రాంతపు రాతిపొడి పావు – ఇదే బోన్ చైనా. పశువుల ఎముకలలోని జిగురును, క్రొవ్వును తొలగించి, తెల్లగా కాల్చి, మెత్తగా నూరి ఆ బూడిదను సిద్ధం చేస్తారు. మంచి బోన్ చైనా పళ్ళాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి, వెనుక చేతిని ఉంచితే వ్రేళ్ళ నీడ కనబడుతుంది.

మన దేశంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఎముకల బూడిద కలిసిన పాత్రలో భుజించడం తమ ఆచారానికి విరుద్ధమని భావించే శాకాహార కుటుంబాలు తెలుగునాట అనేకం. పాత్ర అడుగున ‘బోన్ చైనా’ అని ఉన్నదా, ‘పోర్సెలిన్’ అని ఉన్నదా అన్నది వారికి కేవలం ఆసక్తికరమైన విషయం కాదు, నియమపాలనకు సంబంధించిన విషయం. ఈ విధంగా ముద్ర వంటింటి ధర్మంతో కూడా ముడిపడి ఉన్నది.

ముద్ర వేసే విధానాలు

పాత్రపై ముద్ర ప్రధానంగా నాలుగు విధాలుగా ఏర్పడుతుంది. పచ్చి మట్టి మీద మొనగల పనిముట్టుతో గీయడం మొదటిది. లోహపు అచ్చుతో ఒత్తడం రెండవది. కుంచెతో చిత్రించడం మూడవది. రాగి రేకుపై చెక్కిన ఆకృతిని పలుచని కాగితం మీదికి, దాని నుండి పాత్ర మీదికి ఎక్కించడం నాలుగవది. పారిశ్రామిక యుగంలో ఈ నాలుగవ పద్ధతి విస్తారంగా వ్యాపించినది.

మొదటి రెండు విధాల ముద్రలు పాత్ర కాలక ముందే ఏర్పడతాయి. కనుక వాటిని తరువాత ఎవరో చేర్చడం కష్టం. రంగుతో వేసిన ముద్రలలో తిరిగి రెండు రకాలు ఉన్నాయి. గాజువంటి మెరుగు పూతకు అడుగున ఉండేది ఒకటి, పూతకు పైన ఉండేది మరొకటి. పూత అడుగున ఉన్న ముద్ర నీటి అడుగున ఉన్న గులకరాయి వలె కనిపిస్తుంది. వ్రేలితో తడిమితే తగలదు. పూతపై ఉన్నది వ్రేలికి కొద్దిగా తగులుతుంది. పాత్ర తయారై సంవత్సరాలు గడచిన తరువాత కూడా దానిని వేయవచ్చు, చెరపవచ్చు. కాబట్టి రెండవ రకం సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా స్వీకరించాలి.

ముద్రలో కాలం

ముద్రలో కాలాన్ని నిక్షేపించే పద్ధతి చైనాలో ఏనాడో ఉన్నది. అక్కడి రాజముద్ర సాధారణంగా ఆరు అక్షరాలు. మొదటి రెండు వంశాన్ని, నడిమి రెండు చక్రవర్తి పాలనా నామాన్ని, చివరి రెండు ఆ పాలనలో తయారైనదన్న మాటను తెలుపుతాయి. మన శాసనాలలో రాజు పేరు, పాలనా సంవత్సరం చెప్పినట్లే ఇదీను.

ఐరోపాలో మైసెన్ కర్మాగారం 1720ల నుండి సాక్సనీ రాజచిహ్నంలోని రెండు కత్తులను నీలి రంగులో ముద్రగా స్వీకరించినది. ఫ్రాన్సులోని సేవ్ర్ కర్మాగారం పదిహేనవ లూయీ రాజు పేరులోని తొలి అక్షరాన్ని రెండుసార్లు, ఒకదానికొకటి ఎదురుగా పెనవేసి వ్రాసినది. 1753 నుండి ఆ రెండు అక్షరాల నడుమ సంవత్సరాన్ని తెలిపే మరొక అక్షరాన్ని ఉంచినారు. 1753కు ‘ఎ’, మరుసటి సంవత్సరానికి ‘బి’ – ఈ విధంగా వరుస సాగినది. ఫ్రెంచి విప్లవానంతరం రాజు అక్షరాలు పోయి, గణతంత్రాన్ని సూచించే అక్షరాలు వచ్చినాయి. పళ్ళెం అడుగున కూడా సింహాసనం కూలినదన్నమాట.

ఇంగ్లండులో 1842 నుండి 1883 వరకు నమూనాలను ప్రభుత్వం వద్ద నమోదు చేసినందుకు గుర్తుగా వజ్రాకారపు ముద్ర ఉండేది. దాని శిఖరాన ఉన్న రోమన్ అంకె నాలుగు మట్టి వస్తువుల తరగతిని తెలుపుతుంది. మూలలలో సంవత్సరం, నెల, రోజు సంకేతాలు ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సంవత్సరాన్ని తెలిపే ‘ఎక్స్’ అక్షరం వజ్రం పై మూలలో ఉంటే 1842 అని, కుడి మూలలో ఉంటే 1868 అని అర్థం. అక్షరం ఒకటే అయినా స్థానాన్ని బట్టి అర్థం మారిపోతుంది. అదీగాక ఆ తేదీ నమూనా నమోదైన తేదీ మాత్రమే. అదే నమూనాతో పాత్రలు తరువాత చాలాకాలం తయారు కావచ్చు.

కొన్ని సంస్థలు తమకంటూ సొంత లెక్కలు ఏర్పరచుకొన్నాయి. మింటన్ సంస్థ 1842 నుండి ఏడాదికొక చిన్న గుర్తును మట్టిలో ఒత్తినది. రాయల్ వూస్టర్ సంస్థ 1892 నుండి తన ముద్ర ప్రక్కన సంవత్సరానికి ఒక చుక్క చొప్పున చేర్చుతూ పోయినది. 1915 నాటికి చుక్కలు ఇరవై నాలుగు అయినాయి. ముద్ర చుట్టూ చోటు చాలక, మరుసటి ఏడు చుక్కలకు బదులు నక్షత్రపు గుర్తును స్వీకరించవలసి వచ్చినది.

దేశం పేరు కూడా కాలసూచికయే. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం ప్రకారం 1891 నుండి ఆ దేశంలో దిగుమతి అయ్యే వస్తువులపై పుట్టిన దేశం పేరు ఉండవలసి వచ్చినది. అందువలన ‘ఇంగ్లండ్’ అన్న మాట ఉన్న పాత్ర సాధారణంగా ఆ తరువాతి కాలానిది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అన్న పూర్తి వాక్యం ఇరవయ్యవ శతాబ్దంలో వ్యాపించినది. జపాను వస్తువులపై తొలుత ‘నిప్పన్’ అని ఉండేది. 1921 నుండి ‘జపాన్’ అన్న మాట వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశం పరాయి సేనల అధీనంలో ఉన్న రోజులలో, కొన్ని పాత్రల మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ అని అచ్చయినది. 1952లో ఆ అధీనం తొలగినది. ఒక జాతి ఓటమి తేనీటి సాసరు అడుగున చేరిన సందర్భమది.

ముద్ర తప్పుదారి పట్టించే సందర్భాలు

ముద్రలోని ప్రతి అంకెను తయారీ సంవత్సరంగా భావించడం తొలి పొరపాటు. ‘స్థాపితం 1759’ వంటి మాట సంస్థ పుట్టిన సంవత్సరాన్ని చెప్తుందే కాని పాత్ర పుట్టిన సంవత్సరాన్ని కాదు. రాయల్ వూస్టర్ పాత ముద్ర నడుమ 51 అన్న అంకె కనిపిస్తుంది. అది 1851 కాదు. ఆ కర్మాగారానికి పునాది పడిన 1751ని గుర్తుచేసే అంకె. కిరీటం ఉన్నంత మాత్రాన ఆ పాత్ర రాజప్రాసాదం నుండి వచ్చినదని అనుకోవడం కూడా భ్రమయే. రాజకుటుంబపు ఆదరం పొందిన సంస్థలు తాము అమ్మే వస్తువులన్నింటి మీద ఆ చిహ్నాన్ని వేసుకొన్నాయి.

రెండవది, పూర్వుల మీది గౌరవంతో వేసిన పాత ముద్ర. చైనాలో చింగ్ వంశపు కాంగ్షీ చక్రవర్తి కాలంలో, అంతకు రెండు శతాబ్దాల ముందటి మింగ్ వంశపు చక్రవర్తుల ముద్రలను కుమ్మరులు తమ పాత్రలపై వ్రాసినారు. ఇందులో మోసం కంటే ఆ స్వర్ణయుగం మీది భక్తియే ఎక్కువ అని పండితుల భావన. అయినా ఆ ముద్రను మాత్రమే నమ్మినవాడు రెండు వందల ఏండ్లు పొరబడతాడు.

మూడవది ఉద్దేశపూర్వకమైన అనుకరణ. ‘వెడ్జ్‌వుడ్’ పేరులోని వర్ణక్రమం నడుమ అదనంగా ఒక ‘ఇ’ చేర్చి, ఇంగ్లండులోని స్టాక్టన్ లో మరొక సంస్థ పాత్రలను విక్రయించినది. 1848లో న్యాయస్థానం దానిని నిషేధించినది. ఒక్క అక్షరం తేడాను గమనించనివాడు అసలుకు పెట్టవలసిన ధరను నకిలీకి పెడతాడు.

నాలుగవది అన్నింటికంటే సూక్ష్మమైనది. ఫ్రెంచి విప్లవానంతరం సేవ్ర్ కర్మాగారం తన వద్ద మిగిలిన చిత్రణలేని తెల్లని పాత్రలను అమ్మివేసినది. ఇతరులు వాటిపై పూర్వపు శైలిలో బొమ్మలు వేసి విక్రయించినారు. అక్కడ మట్టి నిజం, చిత్రం అబద్ధం. ముద్ర ఒక్కటే చూచినవాడు ఈ మాయను ఎన్నటికీ కనుగొనలేడు.

ముద్ర విషయంలో మన సాహిత్యం ఎన్నడో హెచ్చరించినది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకంలో రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేతికి చిక్కుతుంది. చాణక్యుడు ఒక కపట లేఖను వ్రాయించి, దానిపై ఆ ఉంగరంతోనే ముద్ర వేయిస్తాడు. ముద్ర అసలైనదే, లేఖ మాత్రం కపటం. దానిని నమ్మిన మలయకేతువు తన హితుడైన రాక్షసుణ్ణి అనుమానించి దూరం చేసుకొంటాడు. దీనికి భిన్నంగా వాల్మీకి సుందరకాండలో సీతాదేవి వర్తన గమనింపదగినది. రాముని దూతనని చెప్పుకొన్న హనుమంతుని ఆమె వెంటనే నమ్మలేదు. రామలక్ష్మణుల లక్షణాలను వర్ణించి చెప్పమన్నది. ఆ వర్ణన తనకు తెలిసిన సత్యంతో సరిపోయినది. ఆ పిమ్మటనే రామనామాంకితమైన ఉంగరం ఆమె చేతికి వచ్చినది. మలయకేతువు ముద్రను తీర్పుగా భావించినాడు. సీత దానిని సాక్ష్యంగా స్వీకరించినది. ఇరువురి ఫలితాలలోని భేదం లోకవిదితమే.

సాలార్ జంగ్ సేకరణ

పింగాణీ మీది ముద్రలు ప్రపంచపు నలుమూలల నుండి వచ్చి ఒక్కచోట చేరిన స్థలం హైదరాబాదులోనే ఉన్నది. మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలార్ జంగ్, 1889లో జన్మించినాడు. 1912లో నిజాం రాజ్యానికి దివానై, రెండేళ్ళకే పదవిని వదలుకొని, శేషజీవితాన్ని కళాఖండాల సేకరణకు అంకితం చేసినాడు. 1949లో అవివాహితుడుగానే మరణించినాడు. ఆ సేకరణతో 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో ప్రదర్శనశాలను జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాధాన్యంగల సంస్థగా ప్రకటించినది. 1968లో అది మూసీ తీరాన ఇప్పుడున్న భవనంలోకి మారినది.

దివాన్ దేవిడీలో గోడలను పింగాణీ పాత్రలతో అలంకరించిన ‘చీనీఖానా’ అనే గది ఉండేది. ఆ వంశీయులకు పింగాణీ మీద ఉన్న మక్కువ దానివలన తెలుస్తుంది. నేటి ప్రదర్శనశాలలో చైనా, జపాను పాత్రలతోపాటు మైసెన్, సేవ్ర్, వెడ్జ్‌వుడ్ వంటి ఐరోపా కర్మాగారాల పాత్రలు దర్శనమిస్తాయి. శేరిలింగంపల్లి నుండి రైలులోనో, బస్సులోనో ఒక పూటలో వెళ్ళి రాగల దూరంలో విద్యార్థికి ఇంతటి అవకాశం ఉన్నది.

ప్రదర్శనశాలలో సందర్శకునికి కనిపించేది పాత్ర ముఖం, అడుగు కాదు. పాత్రను స్వీకరించినప్పుడు దానిని తిరగవేసి, ముద్రను, పరిమాణాన్ని, పగుళ్ళను నమోదు చేయడం ప్రదర్శనశాలల ఉద్యోగుల పని. అద్దం ప్రక్కన ఉండే రెండు పంక్తుల వివరణ వెనుక అటువంటి ఓర్పుగల పరిశీలన దాగి ఉంటుంది.

పరిశీలన క్రమం

ఇంటిలో ఒక పాత పళ్ళెం ఉన్నదనుకొందాం. దానిని పరిశీలించడానికి ఒక క్రమం ఉన్నది. మొదట బల్లపై మెత్తని గుడ్డ పరచి, రెండు చేతులతో పాత్రను పట్టుకోవాలి. వెలుతురుకు ఎదురుగా ఉంచి, వ్రేళ్ళ నీడ కనబడుతున్నదో లేదో చూడాలి. తరువాత దాని బరువును, అంచును, మెరుగును గమనించాలి. పాత్ర నిలిచే అడుగు వలయం మీద వాడకం వలన ఏర్పడిన సహజమైన అరుగుదల ఉన్నదా అన్నది ముఖ్యం. వందేళ్ళు బల్లపై జరిగిన పళ్ళెం అడుగు నిన్న చేసినంత నునుపుగా ఉండదు.

ఆ పిమ్మట భూతద్దంతో ముద్రను చదవాలి. అది ఒత్తినదా, గీసినదా, చిత్రించినదా, అచ్చువేసినదా? మెరుగు పూతకు అడుగున ఉన్నదా, పైన ఉన్నదా? వర్ణక్రమంలో తేడా ఉన్నదా? దేశం పేరు ఉన్నదా? ‘బోన్ చైనా’ అన్న మాట ఉన్నదా? ముద్రలో ఈ మాట కనిపించే పాత్రలు ఎక్కువగా ఇరవయ్యవ శతాబ్దానివి. మైసెన్ కత్తులకు అడ్డంగా గీత గీసి ఉంటే, లోపం వలన ఆ పాత్రను కర్మాగారమే రెండవ తరగతిలో చేర్చినదని గ్రహించాలి. చివరగా ముద్ర చెప్పిన కాలం, పాత్ర లక్షణాలు చెప్పిన కాలం ఒకటేనా అని పోల్చాలి. రెండూ కలిస్తే నమ్మవచ్చు. కలవకపోతే సందేహించాలి. సందేహం తీరేవరకు కొనడం గాని, పాత సామానులవానికి ఇచ్చివేయడం గాని తగదు.

నేటి వస్తువుల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే. 2008లో స్పోడ్, రాయల్ వూస్టర్ సంస్థలు, 2009లో వెడ్జ్‌వుడ్ సంస్థ ఆర్థికంగా కుప్పకూలినాయి. వాటి పేర్లను ఇతర సంస్థలు కొనుక్కొన్నాయి. పేరు బ్రతికినది, దాని వెనుకనున్న యాజమాన్యం, కొన్ని సందర్భాలలో తయారయ్యే దేశం కూడా మారినాయి. పేరు చూచి పుట్టిల్లు నిర్ణయించే రోజులు గడచిపోయినాయి.

పేరు లేని చేతులు

పాత్ర అడుగున ప్రధాన ముద్రతోపాటు ఒక్కొక్కసారి మరికొన్ని చిన్న గుర్తులు కనిపిస్తాయి. నమూనా సంఖ్య ఒకటి. కుంచెతో వేసిన చుక్కో, గీతో, పొట్టి అక్షరమో మరొకటి. అది ఆ పళ్ళెంపై పూలు చిత్రించిన కార్మికురాలిదో, బంగారు అంచు దిద్దిన కార్మికునిదో కావచ్చు. పనిని బట్టి కూలి లెక్కించడానికి ఆ గుర్తులు ఉపయోగపడేవి.

పెద్ద ముద్ర కర్మాగార యజమాని పేరును లోకానికి చాటినది. చిన్న గుర్తు వెనుక ఉన్న మనిషి పేరును మాత్రం లోకం మరచిపోయినది. పంతొమ్మిదవ శతాబ్దపు స్టోక్ ఆన్ ట్రెంట్ కర్మాగారాలలో చిన్న పిల్లలు సైతం పనిచేసినారు. మెరుగు పూతలో వాడిన సీసం ఎందరో కార్మికుల శరీరాలలో విషమై చేరినది. చెకుముకిరాతి పొడి ఊపిరితిత్తులలో పేరుకొని మరెందరి ఆయుష్షునో హరించినది. కార్మికులు దానిని కుమ్మరి వ్యాధి అనే అర్థం వచ్చే మాటతోనే పిలుచుకొన్నారు. వెన్నెలవంటి ఆ తెల్లదనానికి చెల్లించిన మూల్యం ఏ ధరల పట్టికలోనూ ఉండదు. కనుక పాత్ర విలువను కట్టేవారు పెద్ద ముద్రతో ఆగిపోక, ప్రక్కనున్న చిన్న గుర్తును కూడా చూడాలి. సంస్థ కీర్తికి అది ఆధారం కాకపోవచ్చు. కాని ఒక మనిషి శ్రమకు మిగిలిన ఏకైక ఆధారం అదే.

నేటి యువత నిత్యజీవితంలో ముద్రలను చూడని రోజు లేదు. తినుబండారాల పొట్లం మీద, ఔషధం సీసా మీద, బంగారు నగ మీద, చేతిలోని సెల్‌ఫోను మీద ఏదో ఒక గుర్తు ఉంటుంది. ప్రతి గుర్తూ తనను నమ్మమని కోరుతుంది. ఆ కోరికను గుడ్డిగా మన్నించడమూ, ముందుగానే తిరస్కరించడమూ రెండూ తగనివే. గుర్తు ఏమి చెప్పుచున్నదో చదవాలి, వస్తువు ఏమి చెప్పుచున్నదో వినాలి, రెండింటినీ సరిచూడాలి. పింగాణీ పళ్ళెం అడుగున నేర్చిన ఈ పాఠం పళ్ళేలకు మాత్రమే పరిమితం కాదు.

అభ్యాసం

అ) ఏకపద లేదా ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. బోన్ చైనాలో సుమారు సగభాగం ఉండే పదార్థం ఏది?
2. మైసెన్ కర్మాగారపు ముద్ర ఏది?
3. అరికమేడులో 1945లో త్రవ్వకాలు జరిపినది ఎవరు?
4. రాయల్ వూస్టర్ ముద్రలోని 51 అంకె దేనిని సూచిస్తుంది?

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.

1. “ముద్ర దూరంలో నుండి పుట్టినది” – ఈ వాక్యాన్ని వివరించండి.
2. మెరుగు పూతకు అడుగున ఉన్న ముద్రకు, పైన ఉన్న ముద్రకు గల భేదాన్ని తెలపండి.
3. దేశం పేరును బట్టి పాత్ర కాలాన్ని ఎట్లు ఊహించవచ్చు?

ఇ) వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.

1. ముద్ర సాక్షి మాత్రమే, తీర్పరి కాదు అన్న అభిప్రాయాన్ని పాఠ్యాంశంలోని ఉదాహరణలతో సమర్థించండి.
2. మలయకేతువు, సీతాదేవి ముద్రను స్వీకరించిన తీరులను పోల్చి, అందులోని నీతిని వివరించండి.
3. మీ ఇంటిలోని ఒక పాత వస్తువును పరిశీలించి, దానిపై గల గుర్తులు ఏమి తెలుపుచున్నవో ఒక పుటకు మించకుండా వ్రాయండి.